వయసును కాదు, బేరాన్ని ఎగతాళి చేయండి

ప్రశ్న: మేం నలుగురం విజయవాడలో యానిమేషన్ డిప్లొమా చేస్తున్నాం. ఫైనల్ ప్రాజెక్టుకు 11 నిమిషాల టూడీ కామెడీ రాస్తున్నాం. ఒక బట్టల బ్రాండులో మార్కెటింగ్ హెడ్‌గా ఉన్న 42 ఏళ్ల మహిళ, ‘యూత్ పల్స్’ పట్టుకోవడానికి ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్టుకు వచ్చి మూడు రోజులు విద్యార్థులతో తిరుగుతుంది. చదివి వినిపిస్తే క్లాసంతా నవ్వింది. కానీ మా మేడమ్, ‘ఇది పెద్దావిడ మీద జోకుల చిట్టా, సెటైర్ కాదు’ అన్నారు. రెండు నెలల కింద రాసిన స్లాంగ్ కూడా అప్పుడే పాతబడిపోయినట్టు ఉంది. మేడమ్ ‘డారియా’ అనే పాత అమెరికన్ యానిమేషన్ సిరీస్ చూడమన్నారు. మొత్తం చూసే టైం లేదు. అందులో ఏవి చూడాలి, ఏం పట్టుకోవాలి? చివర్లో ఆవిడ ఓడిపోవాలా?

జవాబు: మీ మేడమ్ సరైన చోటే వేలు పెట్టారు. మీరు పంపిన స్క్రిప్టులో జోకులకు కొదవ లేదు, బేరం లేదు. ఆవిడ జుట్టుకు వేసుకున్న రంగు, బిగుతు జీన్సు, తప్పుగా పలికే మాట... ఇవన్నీ ఆవిడ ఎలా ఉందో చెబుతాయి. ఆవిడ ఎందుకు వచ్చింది, ఏం పట్టుకుపోతోంది, అందుకు ఎవరు సంతకం పెట్టారు అన్నవి మాత్రం చెప్పవు. పెద్దవాళ్లు కుర్రకారు వెంటపడటం ఒక్కటే నవ్వు పుట్టించే విషయం కాదు. కుర్రకారు దగ్గర ఉచితంగా దొరికినదాన్ని ధర కట్టి వాళ్లకే తిరిగి అమ్మడం దగ్గర అసలు సెటైర్ మొదలవుతుంది. ‘డారియా’ అయిదు సీజన్ల పాటు దీని చుట్టూ మళ్లీ మళ్లీ తిరిగింది.

ఈ సిరీస్ అమెరికాలో ఎంటీవీలో 1997 మార్చి 3న మొదలై 2002 జనవరిలో ముగిసింది. మొత్తం 65 ఎపిసోడ్లు, ఒక్కోటి దాదాపు 22 నిమిషాలు. లాన్‌డేల్ అనే కల్పిత శివారు ఊళ్లో హైస్కూలు చదివే డారియా మోర్గెన్‌డార్ఫర్ కథ ఇది. డారియా తండ్రి జేక్ వృత్తి రీత్యా మార్కెటింగ్ కన్సల్టెంట్ అన్న సంగతి రాసిపెట్టుకోండి. మార్కెట్ బయటినుంచి వచ్చి పడే రాక్షసి కాదు, ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుకునే నాన్నే. పైగా ఈ కథ ప్రసారమైంది కుర్రవాళ్ల అభిరుచినే సరుకుగా మార్చుకున్న చానెల్లో. అందుకే ఇందులోని విమర్శ దూరంనుంచి రాయి విసిరినట్టు ఉండదు.

మీకు మూడు ఎపిసోడ్లు చాలు. మొదటి సీజన్‌లోని ‘మాల్డ్’, మూడో సీజన్‌లోని ‘ద లాస్ట్ గర్ల్స్’, అయిదో సీజన్ మొదట్లో వచ్చే ‘ఫిజ్ ఎడ్’. మూడూ కలిపి గంటా పది నిమిషాలు దాటవు. ఇదే వరుసలో చూడండి. మొదటిసారి మామూలుగా, రెండోసారి నోటుబుక్కుతో. పేజీని మూడు గడులు చేసి, ప్రతి సీనుకూ పెద్దవాళ్లకు ఏం కావాలి, బదులుగా ఏం ఇస్తామంటున్నారు, పిల్లల్లో ఎవరికి ఆశ పుట్టింది అని రాయండి. మూడో గడిని వదిలేయకండి. మీ స్క్రిప్టులో ఖాళీగా ఉన్నది సరిగ్గా అదే.

‘మాల్డ్’లో ఎకనామిక్స్ క్లాసు పిల్లల్ని ఒక పెద్ద మాల్ చూపించడానికి తీసుకెళ్తారు. వ్యాపారం ఎలా నడుస్తుందో నేర్చుకోవడానికి వెళ్లిన పిల్లలే అక్కడివాళ్లకు ఫోకస్ గ్రూపు, అంటే సరుకు మీద అభిప్రాయాలు రాబట్టడానికి కూర్చోబెట్టే గుంపు, అవుతారు. ఒకవైపు నుంచే అవతలివాళ్లు కనిపించే అద్దం వెనక నిలబడి పెద్దవాళ్లు వాళ్లను గమనిస్తుంటారు. బొమ్మలు వేసేవాళ్లకు ఆ అద్దం గొప్ప పాఠం. ‘మిమ్మల్ని వాడుకుంటున్నారు’ అని ఎవరూ నోరు విప్పి చెప్పనక్కర్లేదు, అద్దం ఇవతలి నుంచి ఒకసారి, అవతలి నుంచి ఒకసారి చూపిస్తే చాలు. ఈ రోజుల్లో ఆ అద్దం స్థానంలో ఫోన్ ఉంది. ఫెస్టులో ఫ్రీ టీషర్టు కోసం క్యూఆర్ కోడ్ స్కాన్ చేయించి, పేరు, బ్రాంచి, నెలకు బట్టల మీద ఎంత ఖర్చు పెడతారు అని అడిగే ఫారం. ఒకే షాట్‌లో ఇవతల ఫారం నింపే వేలు, అవతల ఆవిడ లాప్‌టాప్‌లో పెరుగుతున్న వరుసలు చూపించండి. డైలాగు అవసరం లేదు.

‘ద లాస్ట్ గర్ల్స్’ మీ కథకు దగ్గరి చుట్టం. ఇంగ్లిష్ మాస్టారు ఓనీల్, డారియా రాసిన వ్యాసాన్ని ఆమెను అడక్కుండానే ఒక టీన్ పత్రిక పోటీకి పంపుతాడు. బహుమతి ఏమిటంటే, ఆ పత్రిక ఎడిటర్ వ్యాల్ స్వయంగా వచ్చి ఒక రోజంతా డారియాతో గడపడం. పత్రిక పేరు కూడా ‘వ్యాల్’. ఎడిటర్ తన పేరే పత్రికకు పెట్టుకోవడం చూసి చాలామందికి 1997లో ‘జేన్’ పత్రిక పెట్టిన జేన్ ప్రాట్ గుర్తొచ్చింది. ప్రాట్ అంతకుముందు 1988లో మొదలైన ‘సాసీ’కి తొలి ఎడిటర్. ఆడపిల్లలకు ఉపన్యాసాలు ఇవ్వకుండా, వాళ్లు మాట్లాడుకునే తీరులోనే వాళ్లతో మాట్లాడినందుకు ఆ పత్రికను ఇప్పటికీ ఇష్టంగా తలుచుకునేవాళ్లున్నారు. ఇక్కడ మీకు పనికొచ్చేది ఒకటుంది. ఇలాంటి మనిషిని వెక్కిరించాలంటే ఆమె ఒకప్పుడు నిజంగానే ఏదో సాధించిందని ఒప్పుకోవాలి. మీ మార్కెటింగ్ హెడ్‌కు అలాంటి గతం ఇవ్వండి. పదిహేనేళ్ల కింద ఆవిడ డిజైన్ చేసిన ఒక కుర్తీ ప్రతి కాలేజీలోనూ కనిపించేది అనుకుందాం. దాన్ని ఏ సర్వే చూసీ చేయలేదు, తనకు నచ్చి చేసింది. ఇప్పుడు అదే పని సర్వేతో చేయాలని చూస్తోంది. ఆవిడ పోగొట్టుకున్నది వయసు కాదు, తన కంటి మీద తనకున్న నమ్మకం. ఇది తెలిస్తే ఆవిడ వేసుకునే ప్రతి తప్పటడుగూ నవ్విస్తూనే గుచ్చుకుంటుంది.

ఆ ఎపిసోడ్‌లో వ్యాల్ నోట ‘ఎడ్జీ’ అనే మాట నలుగుతుంది. డారియా ఒకచోట దానికి అర్థం చెబుతుంది. యువ సంస్కృతిలోని సత్తువను, పిల్లల జేబులోని డబ్బును పీల్చుకోవడానికి నడివయసు వ్యాపారులు కట్టిన కృత్రిమ భావన అది, ప్రమాదకరంగా కనిపిస్తుంది కానీ ప్రతి అడుగూ మార్కెట్ సర్వే చెప్పినట్టే పడుతుంది అన్నది దాని సారం. ఈ మాటలు ఎందుకు పండాయో గమనించండి. అవి తిట్లు కావు, నిఘంటువులో అర్థం చెప్పినట్టు చెప్పిన నిర్వచనం. గొంతు పెరగదు, ముఖం కదలదు. మీ స్క్రిప్టులో 7వ పేజీ, 9వ పేజీ, 11వ పేజీ... మూడుచోట్ల మీ హీరోయిన్, అంటే ఆ కాలేజీ అమ్మాయి, ఆవిడకు క్లాసు పీకుతోంది. రెండు కొట్టేయండి. మిగిలినదాన్ని ఎనిమిదో నిమిషం దగ్గర పెట్టి, గట్టిగా చదివితే 25 సెకన్లు మించకుండా కుదించండి. స్టాప్‌వాచ్ పెట్టుకుని చదవాలి, మనసులో చదివితే లెక్క తప్పుతుంది. ఆ 25 సెకన్లూ హీరోయిన్ ముఖాన్ని నిశ్చలంగా ఉంచి పెదాలు మాత్రం కదిలించండి, ఎదురుగా ఉన్నావిడ చేతులు, గాజులు, ఫోన్ కదులుతూ ఉండాలి. మాట అయిపోగానే 48 ఫ్రేములు, అంటే రెండు సెకన్లు, ఎవరినీ రెప్ప కూడా వేయనివ్వకండి. డబ్బు తక్కువున్న నలుగురి టీముకు ఇది కలిసొచ్చే పద్ధతి కూడా.

ఇక ‘ఫిజ్ ఎడ్’. బడికి నిధులు లేవని ప్రిన్సిపల్ మిస్ లీ ఒక కూల్‌డ్రింక్ కంపెనీతో ఒప్పందం చేసుకుంటుంది. గోడలన్నీ ప్రకటనలవుతాయి. అమ్మకాలు చాలకపోయేసరికి ఆవిడే పిల్లల చేత తాగించే పనిలో పడుతుంది. అతిగా అనిపిస్తే అసలు సంగతి వినండి. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్‌లోని ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) 1997లో కోకకోలాతో పదేళ్ల ఒప్పందం చేసుకుంది. పూర్తి సొమ్ము రావాలంటే మొదటి మూడేళ్లలో కనీసం ఒక ఏడాదైనా 70,000 పెట్టెల డ్రింకులు అమ్ముడుపోవాలి. 1998లో ఆ డిస్ట్రిక్ట్ అధికారి ఒకరు ప్రిన్సిపళ్లకు ఉత్తరం రాస్తూ, డ్రింకులు అమ్మే మెషీన్లు రోజంతా పిల్లలకు అందుబాటులో పెట్టండి, క్లాసులోకి డ్రింకులు తీసుకెళ్లనివ్వండి అని సూచించి, చివర ‘కోక్ డ్యూడ్’ అని సంతకం పెట్టారు. పిల్లల యాస అరువు తెచ్చుకున్న ఆ సంతకంలో మీ సినిమా మొత్తం ఉంది. అదే ఏడాది మార్చిలో జార్జియా రాష్ట్రంలోని ఒక హైస్కూల్లో ‘కోక్ డే’ పెడితే, పెప్సీ చొక్కా వేసుకొచ్చిన కుర్రాణ్ని సస్పెండ్ చేశారు. ఎపిసోడ్ వచ్చింది 2001లో. రచయితలు వాస్తవాన్ని పెద్దగా సాగదీయాల్సిన పని పడలేదు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని డైలాగులు రాయడం కాదు, ఒప్పందపత్రం రాయడం. ఒక పేజీ చాలు. టైటిల్ స్పాన్సర్‌గా బ్రాండ్ ఎంత ఇస్తోంది, దానికి ఎన్ని ఫ్లెక్సీలు, ఎన్ని స్టాళ్లు, ఎందరు విద్యార్థుల ఫోన్ నంబర్లు, స్టేజీ మీద పేరు ఎన్నిసార్లు పలకాలి, ఎవరు సంతకం పెట్టారు. అంకెలు మీరే వేసుకోండి, కానీ వేసుకోండి. ఆ కాగితం సినిమాలో రెండో నిమిషం లోపు ఒకసారి తెర మీద కనబడాలి. ఆ తర్వాత ప్రతి నవ్వుకూ కింద నేల ఉంటుంది.

స్లాంగ్ విషయానికి వద్దాం, మీకు ఎక్కువ ఇబ్బంది అక్కడే. ‘తోపు’, ‘కిరాక్’, ‘బ్రో’ లాంటివి పిల్లల నోట పెడితే ఏం జరుగుతుందంటే, సినిమా బయటికి వచ్చేసరికి పిల్లలు కూడా మీ మార్కెటింగ్ హెడ్ లాగే వినబడతారు. 1997 మార్చిలో, డారియా మొదలైన రెండు వారాలకే, న్యూయార్కర్ పత్రిక ‘కూల్‌హంటర్ల’ మీద పెద్ద వ్యాసం వేసింది. వీధుల్లో తిరిగి కుర్రకారు ఏం వేసుకుంటున్నారో పసిగట్టి షూ కంపెనీలకు చెప్పడం వాళ్ల ఉద్యోగం. కూల్‌ను కనిపెట్టడమే దాన్ని తరిమేస్తుంది అన్నది ఆ వ్యాసంలోని ముఖ్యమైన గ్రహింపు. స్లాంగూ అంతే. వాడుకలో ఉన్న మాట వెంట పరిగెత్తకుండా, సినిమాలోనే ఒక మాట పుట్టించండి.

ఒక నమూనా ఇస్తున్నాం. మొదటి నిమిషంలో క్యాంటీన్‌లో మిక్సీ గుర్రుమని కాలిపోతుంది, చట్నీ లేదు. సాయంత్రం ల్యాబ్‌లో ప్రోగ్రాం ఆగిపోతే ఒకడు ‘మిక్సీ అయింది’ అంటాడు. వైవా పోతే ఇంకొకడు, ‘మిక్సీరా’. చూసేవాళ్లు ఆ మాట పుట్టుక చూశారు కాబట్టి అర్థం చెప్పనక్కర్లేదు, పైగా అది వాళ్లది కూడా అవుతుంది. నాలుగో నిమిషంలో ఆవిడ దాన్ని వింటుంది, ఫోన్‌లో నోట్ చేసుకుంటుంది. అయిదో నిమిషంలో మెచ్చుకోలుగా వాడుతుంది, ‘మీ డాన్స్ మిక్సీ!’ అని. పిల్లలు దిద్దరు, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారంతే. ఆరో నిమిషానికి ఎవరి నోటా ఆ మాట వినబడదు. తొమ్మిదో నిమిషంలో ఫ్లెక్సీ మీద ఉంటుంది: ‘మిక్సీ కలెక్షన్, 799 నుంచి’. తమ మాట పోయిందన్న బాధ ప్రేక్షకుడికి కలగాలంటే ముందు ఆ మాట అతని నోట్లో ఒకసారి ఆడాలి. నాలుగుసార్లకు మించి వాడకండి, అయిదోసారికి ప్రేక్షకుడికి కూడా విసుగొస్తుంది.

ఇంగ్లిష్‌లో తీసినవాళ్లకు లేని ఒక సాధనం మీకుంది: మీరు, నువ్వు. దీన్ని మీ స్క్రిప్టులో అస్సలు వాడుకోలేదు, మాకు అన్నిటికంటే దిగులు కలిగించింది అదే. ఆవిడ రాగానే ‘మేడమ్ అనకండి, మీరు అనకండి, పేరు పెట్టి పిలవండి’ అంటుంది. తెలుగు పిల్లలకు అది నోరు తిరగని పని. పేరు ఎలాగో మింగేసినా క్రియ వదలదు: ‘వస్తున్నారా’ అనాలి, లేదా ‘వస్తున్నావా’ అనాలి. రెండూ అనలేక, ‘టీ తాగడం అయిందా?’, ‘బయల్దేరడమేనా?’ అంటూ మనిషి జాడ లేని వాక్యాలు వెతుక్కుంటారు. మన ఇళ్లలో కొత్త అల్లుడితోనో, వరస తేలని చుట్టంతోనో అందరూ చేసేదే ఇది, ప్రేక్షకులు వెంటనే పట్టుకుంటారు. మరో పక్క క్యాంటీన్ పెద్దాయన మాత్రం ఆవిడను ‘అమ్మా’ అని హాయిగా పిలుస్తాడు. ప్రిన్సిపల్ ‘మేడమ్ గారూ’ అంటాడు. ఆవిడ తన బాస్‌తో ఫోన్‌లో ‘చెప్పండి సర్, చెప్పండి సర్’ అంటుంది. నువ్వు అనమని అడిగే చనువు కిందివాళ్ల దగ్గరే పుట్టిందని ఆ ఒక్క ఫోన్ కాల్‌తో తెలిసిపోతుంది. ‘ఆంటీ’ జోకులు మాత్రం అన్నీ తీసేయండి, క్లాసులో ఎంత నవ్వు వచ్చినా సరే. అవి వయసును కొడతాయి, అందులోనూ ఆడవాళ్ల వయసునే కొడతాయి.

హీరోయిన్ ఆవిడను నువ్వు అనడం సినిమాలో ఒకేసారి జరగాలి. రెండో రోజు రాత్రి, ఫెస్ట్ గ్రౌండ్ ఖాళీ అయ్యాక, ఇద్దరూ అలసిపోయి మెట్ల మీద కూర్చున్నప్పుడు, ఆవిడ ఆ పాత కుర్తీ సంగతి చెబుతుంది. అమ్మాయి తనకు తెలియకుండానే ‘నువ్వు తిన్నావా?’ అంటుంది. ఇక్కడే ఆశ కూడా పుట్టాలి. ‘నీ బొమ్మలు మా టీషర్టుల మీద వేద్దాం, క్యాంపస్ అంబాసిడర్‌గా ఉండు, స్టైపెండ్ ఇస్తాం’ అని ఆవిడ అడగాలి, అమ్మాయి మనసు నిజంగా ఊగాలి. మీ ఇప్పటి డ్రాఫ్టులో హీరోయిన్ మొదటి నుంచి అన్నీ తెలిసినట్టు ఉంది, ఆమెకు పోయేదేమీ లేదు. డారియాకు కూడా తన రాత నచ్చి ఒకరు వెతుక్కుంటూ వచ్చారన్న పరిస్థితి ఉంది, ఆమె చెల్లెలు క్విన్ అయితే ఆ స్థానం కోసం తహతహలాడుతుంది. మీ కథలోనూ సంతోషంగా అంబాసిడర్ అయ్యే ఒక స్నేహితురాలిని పెట్టండి, ఆమెను తెలివితక్కువదానిలా గీయకండి. ఫీజు కట్టాల్సిన పిల్లకు ఆ స్టైపెండ్ చిన్నది కాదు.

మర్నాడు పొద్దున ‘నువ్వు తిన్నావా?’ అన్న ఆ క్షణం ఒక రీల్‌గా బ్రాండ్ పేజీలో కనిపిస్తుంది. ఎనిమిదో నిమిషం మాటలు ఇక్కడ పడాలి, అవి పూర్తిగా ‘మీరు’లో ఉండాలి. కోపం గొంతులో అక్కర్లేదు, మళ్లీ వచ్చి చేరిన ఆ ‘రు’లో ఉంటుంది.

స్క్రిప్టు తిరగరాశాక ఒక పరీక్ష పెట్టండి. ఆవిడ వయసు 42 తీసేసి 24 అని రాసి మొత్తం చదవండి. కథ నిలబడితే మీ గురి సరైనదే. కూలిపోయే జోకు ఏదైనా ఉంటే అది వయసు మీద జోకు, కొట్టేయండి. ఇలాంటి ఉద్యోగాలు చేసేవాళ్లలో ఇరవైల్లో ఉన్నవాళ్లు బోలెడుమంది కాబట్టి ఇది ఊరికే చెబుతున్న పరీక్ష కాదు.

పాటల గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. డారియా టీవీలో వచ్చినప్పుడు సీన్ల మధ్య అప్పటి హిట్ పాటల ముక్కలు వినిపించేవి. 2010లో డీవీడీ తెచ్చేసరికి హక్కుల ఖర్చు భరించలేక చాలావాటిని తీసేసి వేరే సంగీతం పెట్టారు. అంత పెద్ద సంస్థకే ఆ గతి పట్టింది. మీ ఫెస్టు సీనులో సినిమా పాట పది సెకన్లు పెట్టినా అప్‌లోడ్ చేసిన రోజే కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు. డప్పు, కీబోర్డుతో మీ కాలేజీ స్నేహితుల చేత 40 సెకన్ల బిట్ ఒకటి చేయించి, అదే తిప్పి తిప్పి వాడుకోండి.

ఇక చివరి ప్రశ్న, ఆవిడ ఓడిపోవాలా? వద్దు. ఆవిడ స్టేజీ మీద జారిపడితే కంపెనీకి ఏమీ కాదు, మీ బేరం కాగితం చెక్కుచెదరదు. గెలిచి వెళ్లనివ్వండి: సరుకు అమ్ముడుపోయింది, బాస్ ఫోన్ చేసి మెచ్చుకున్నాడు, ఆవిడ ‘థ్యాంక్యూ సర్’ అని కారెక్కింది, ఎక్కాక ఆ పాత కుర్తీ ఫొటో ఒకసారి చూసి ఫోన్ పక్కన పెట్టింది. ఆ తర్వాత క్యాంటీన్. కొత్త మిక్సీ వచ్చింది. పెద్దాయన స్టాల్‌లో మిగిలిపోయిన ‘మిక్సీ’ టీషర్టు తొడుక్కుని చట్నీ తిప్పుతూ, ‘ఇది నా మిక్సీ గురించేనా అమ్మా?’ అని అడుగుతాడు. అమ్మాయి ఏదో చెప్పబోయి ఆగుతుంది. ఆ ముఖం మీద 72 ఫ్రేములు, వెనక మిక్సీ చప్పుడు తప్ప ఇంకేమీ వద్దు, అక్కడ కట్ చేయండి.